రెండేళ్లుగా అప్‌డేట్లు ఆపేసిన కంప్యూటర్‌ని మళ్లీ దారిలో పెట్టడం ఎలా?

తూనీగ | శనివారం, ఉదయం 8:50

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఉన్నది ఒకటే డెస్క్‌టాప్. నా అనువాదాల పని, అమ్మ బ్యాంకు లావాదేవీలు, తమ్ముడి చదువు, అన్నీ అందులోనే.

రెండేళ్ల కిందట ఒక రాత్రి అప్‌డేట్ పడి, ఆ తర్వాత ప్రింటర్ మొరాయించింది. తెల్లారితే కాగితాలు అప్పజెప్పాలి. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది. ఆ కోపంలో నెట్‌లో దొరికిన పద్ధతి ఒకటి చూసి విండోస్ అప్‌డేట్ సర్వీసునే ఆపేశాను. బ్రౌజర్ అప్‌డేట్‌ని కూడా అదే ఊపులో ఆపేశాను. తర్వాత ఆ సంగతే మర్చిపోయాను.

మొన్న అమ్మ బ్యాంకు సైటు తెరిస్తే, బ్రౌజర్ మరీ పాతదని లోపలికి రానివ్వలేదు. అప్పుడు కూర్చుని అన్నీ చూశాను. విండోస్ 10, రెండేళ్ల నాటి బ్రౌజర్, 60కి పైగా ప్రోగ్రాములు. వాటిలో సగం ఎప్పుడు పెట్టామో, ఎందుకు పెట్టామో కూడా తెలియదు. ప్రాసెసర్ ఇంటెల్ 7వ తరం. విండోస్ 11 ఈ మెషీన్‌కి కుదరదని చూపిస్తోంది.

అన్నీ ఒకేసారి అప్‌డేట్ చేస్తే మళ్లీ ఏదో ఒకటి పాడవుతుందని చేయి ఆడటం లేదు. అలాగని ఇలాగే వదిలేయడానికీ భయంగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

పాతకాపు | శనివారం, ఉదయం 9:25

తూనీగ గారూ, ముందు ఒక్క మాట. ఇదంతా పూర్తయ్యేవరకు అమ్మగారి బ్యాంకు పని ఆ కంప్యూటర్‌లో వద్దు. ఫోన్‌లో చూసుకోమనండి.

తర్వాత ఫైళ్లు. అప్‌డేట్ జోలికి వెళ్లకముందే మీ అనువాదాలు, ఫోటోలు, ఇంకా ఏవి పోతే ఏడుపొస్తుందో అవన్నీ బయటి హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. కాపీ అయ్యాక నాలుగైదు ఫైళ్లు ఆ డిస్క్ నుంచే తెరిచి చూడండి. కాపీ అయిందనుకుని తర్వాత తెరిస్తే ఖాళీ ఫోల్డర్ కనిపించినవాళ్లని చాలామందిని చూశాను. చూసుకున్నాక డిస్క్ ఊడదీసి పక్కన పెట్టేయండి. ఎప్పుడూ కంప్యూటర్‌కి తగిలించి ఉంచితే అది బ్యాకప్ కాదు. ఫైళ్లకు తాళం వేసే వైరస్ వస్తే ఆ డిస్క్‌కీ వేస్తుంది.

ఇంకొకటి చూడాలి. డ్రైవ్‌కి బిట్‌లాకర్ గానీ, డివైస్ ఎన్‌క్రిప్షన్ గానీ (డ్రైవ్ మొత్తానికీ తాళం వేసి ఉంచే విండోస్ సౌకర్యాలు) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ ఒకటి ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి ఉంటే సాధారణంగా ఆ ఖాతాలోనే దొరుకుతుంది. దాన్ని కాగితం మీద రాసి పెట్టుకోండి. కొన్ని అప్‌డేట్ల తర్వాత, ముఖ్యంగా బయాస్ (కంప్యూటర్ ఆన్ కాగానే విండోస్ కంటే ముందు నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ తర్వాత, కంప్యూటర్ తెరుచుకోకుండా ఆ కీ అడగొచ్చు. అది లేకపోతే లోపలున్నవి మీవే అయినా మీకు అందవు.

ఇవి అయ్యాక బ్రౌజర్‌తో మొదలుపెట్టండి, విండోస్‌తో కాదు. రోజూ బయటి ప్రపంచాన్ని ముట్టుకునేది బ్రౌజరే. క్రోమ్‌కి 2023 ఆగస్టు నుంచి భద్రతా సవరణలు వారం వారం వస్తున్నాయి. రెండేళ్లంటే వంద దాకా తప్పిపోయినట్టు. ఐదు నిమిషాల పని ఇది. అప్‌డేట్ దిగాక బ్రౌజర్‌ని మూసి మళ్లీ తెరవడం మర్చిపోకండి. ముప్పై ట్యాబులు తెరిచిపెట్టి వారాల తరబడి మూయనివాళ్లకు కొత్త వెర్షన్ దిగి కూడా పనిలోకి రాదు.

వేకువచుక్క | శనివారం, ఉదయం 10:10

పాతకాపు గారు చెప్పిన వరుస సరిగ్గా ఉంది. నేను ఎందుకు అన్నది చెబుతాను. అది తెలియకపోతే రేపు ఇంకో అప్‌డేట్ ఇబ్బంది పెట్టగానే మళ్లీ ఆపేయాలనిపిస్తుంది.

చాలామంది అప్‌డేట్ అంటే కొత్త హంగులు అనుకుంటారు. నెల నెలా వచ్చేవాటిలో ఎక్కువ భాగం కన్నాలు, అంటే దాడికి దారిచ్చే లోపాలు, పూడ్చే పనే. మైక్రోసాఫ్ట్ 2003 నుంచి ప్రతి నెలా రెండో మంగళవారం వీటిని విడుదల చేస్తోంది. ఆ మంగళవారం నుంచే అసలు ప్రమాదం మొదలవుతుంది. దాడి చేసేవాళ్లు పాత ఫైలునీ కొత్త ఫైలునీ పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూస్తారు. మారిన చోటే కన్నం ఉంది కదా. అంటే సవరణ విడుదలైన రోజు నుంచి, దాన్ని పెట్టుకోనివాళ్ల ఇంటి తలుపు ఎక్కడ సరిగ్గా పడదో అందరికీ తెలిసిపోయినట్టే.

వానాక్రై అని ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వైరస్ గుర్తుందా? అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న సవరణ ఇచ్చింది. దాడి మొదలైంది మే 12న. మధ్యలో దాదాపు రెండు నెలలు. అయినా 150 దేశాలకు పైగా, రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల అపాయింట్‌మెంట్లు వేల సంఖ్యలో రద్దయ్యాయి. అందరూ పాత విండోస్ ఎక్స్‌పీ వాడేవాళ్లే దెబ్బతిన్నారనుకుంటారు గానీ, ఎక్కువ భాగం విండోస్ 7 యంత్రాలు. అప్పటికి విండోస్ 7కి భద్రతా అప్‌డేట్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. మందు గుమ్మం దాకా వచ్చింది, తీసుకున్నవాళ్లు లేరు.

ఎవరూ ఏ లింకూ నొక్కలేదు, ఏ ఫైలూ తెరవలేదు. నెట్‌వర్క్‌లో పక్కన ఉన్న కంప్యూటర్ నుంచి దానంతటదే పాకింది. "నేను జాగ్రత్తగా వాడతాను, అడ్డమైన సైట్లకు వెళ్లను" అనుకున్నా సరిపోని సందర్భం అది.

నిదానం | శనివారం, ఉదయం 11:30

వేకువచుక్క గారి మాటతో నేను సగమే ఏకీభవిస్తాను. తూనీగ గారి కోపంలో న్యాయం ఉంది. దాన్ని కొట్టిపారేయకూడదు.

2018 అక్టోబర్‌లో వచ్చిన విండోస్ 10 పెద్ద అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లు, ఫోటోలు తుడిచేసింది. మైక్రోసాఫ్టే దాన్ని నిలిపేసి, సరిచేసి మళ్లీ విడుదల చేయాల్సి వచ్చింది. 2024 జులైలో వచ్చిన నెలవారీ అప్‌డేట్ తర్వాత కొన్ని కంప్యూటర్లు నేరుగా బిట్‌లాకర్ కీ అడిగే తెర దగ్గర ఆగిపోయాయి. ఇవన్నీ జరిగిన సంగతులే.

అందుకే నేను వారం ఆగుతాను. సెట్టింగ్స్‌లోనే వారం పాటు ఆపే వీలుంది. గరిష్ఠంగా 35 రోజుల వరకు ఆపొచ్చు. ఆ వారంలో గోల ఏమైనా ఉంటే బయటపడుతుంది. ఏమీ లేకపోతే పెట్టుకుంటాను. ఇన్నేళ్లలో నాకు దీనివల్ల నష్టం కలగలేదు. తొందరపడి పెట్టుకున్నవాళ్లు ఇబ్బంది పడటం మాత్రం చూశాను.

వేకువచుక్క | శనివారం, మధ్యాహ్నం 12:05

నిదానం గారూ, మీరు చెప్పిన రెండు సంగతులూ నిజమే. కానీ రెండూ ఒక కోవకు చెందినవి కావు. 2018లో ఫైళ్లు తుడిచింది ఫీచర్ అప్‌డేట్, అంటే విండోస్ వెర్షన్‌నే మార్చేది. అలాంటివాటికి వారం కాదు, నెల ఆగినా నేను తప్పు పట్టను. నెలవారీ భద్రతా అప్‌డేట్ వేరు. 2024 జులై సంగతిలో కూడా కీ చేతిలో ఉన్నవాళ్లు దాన్ని కొట్టి లోపలికి వెళ్లిపోయారు. ఫైళ్లేమీ పోలేదు. పాతకాపు గారు ముందే కీ రాసిపెట్టుకోమన్నది అందుకే.

వారం ఆగడం మీద నాకు గొడవ లేదు, ఆ వారం తర్వాత మీరు నిజంగా పెట్టుకుంటున్నారు కాబట్టి. నా భయమల్లా, వారం అనుకుని మొదలుపెట్టి రెండేళ్లకు తేలేవాళ్ల గురించే. అయితే బ్రౌజర్ విషయంలో మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు. అప్పటికే దాడుల్లో వాడుతున్న లోపాలకు అత్యవసర సవరణలు వచ్చేది ఎక్కువగా అక్కడే.

నిదానం | శనివారం, మధ్యాహ్నం 12:20

బ్రౌజర్ విషయంలో ఒప్పుకుంటాను. దాన్ని నేనూ ఎప్పుడూ ఆపలేదు.

గడపమొక్క | శనివారం, సాయంత్రం 4:40

ఈ చర్చ చదివాక నా సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

మూడేళ్ల కిందట మా కంప్యూటర్ ఫార్మాట్ చేయించాం. చేసినతను విండోస్‌తో పాటు ఆఫీసు సాఫ్ట్‌వేర్ కూడా "ఫ్రీగానే" పెట్టిచ్చాడు. అది క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడేందుకు లైసెన్సు తాళం విరగ్గొట్టినది, అని మాకు తెలుసు. అందరూ అదే వాడతారులే అనుకున్నాం. దాన్ని నడిపించడానికి యాంటీవైరస్ ఆపాలన్నాడు, ఆపాడు. అప్‌డేట్లు పెడితే క్రాక్ పోతుందన్నాడు, అవీ ఆపాడు. ఎనిమిది నెలలకు ఒక రోజు పొద్దున్నే చూస్తే ఫోటోల పేర్ల చివర ఏవో పిచ్చి అక్షరాలు. ఒక్కటీ తెరుచుకోలేదు. డబ్బు కడితే తాళం తీస్తామని ఒక కాగితంలా ఫైలు మాత్రం ఉంది. కట్టలేదు. కట్టినా తిరిగి వస్తాయని నమ్మకం లేదని తెలిసినవాళ్లు చెప్పారు.

మా నాన్నగారి చివరి రెండేళ్ల ఫోటోలు అందులోనే ఉన్నాయి. వేరే చోట ఎక్కడా లేవు.

అతన్ని తిట్టి లాభం లేదు. యాంటీవైరస్ ఆపేయండి, అప్‌డేట్లు ఆపేయండి అని ఒక సాఫ్ట్‌వేర్ అడుగుతోందంటే అది ఏం చేయబోతోందో అక్కడే అర్థం కావాల్సింది. తూనీగ గారూ, మీ 60 ప్రోగ్రాముల్లో అలాంటిది ఒక్కటైనా ఉంటే, మిగతావన్నీ సరిచేసినా లాభం ఉండదు. ముందు దాన్ని చూడండి.

తూనీగ | శనివారం, రాత్రి 9:15

గడపమొక్క గారూ, మీ పోస్టు చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మీరు చెప్పాక వెళ్లి చూస్తే తమ్ముడు పెట్టిన వీడియో ఎడిటింగ్ ప్రోగ్రాము ఒకటి క్రాకే అని తేలింది. వాడే ఒప్పుకున్నాడు, వాడి చేతే తీయించాను. తర్వాత విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌తో పూర్తి స్కాన్, ఆఫ్‌లైన్ స్కాన్ (విండోస్ తెరుచుకోకముందే చేసేది) రెండూ చేశాను. ఏమీ దొరకలేదు.

ఈ రోజు అయినవి ఇవి. బ్యాకప్ తీసి, తెరిచి చూసి, డిస్క్ పక్కన పెట్టాను. బిట్‌లాకర్ లేదు. బ్రౌజర్ కొత్తది దిగింది. అప్‌డేట్ సర్వీసు మళ్లీ ఆన్ చేశాను. ఇప్పుడు రెండేళ్ల అప్‌డేట్లన్నీ ఒక్కొక్కటిగా పెట్టుకోవాలా? పైగా విండోస్ 10కి మద్దతు అయిపోయింది అంటున్నారు కదా, పెట్టి ఏం లాభం? ఆ 60 ప్రోగ్రాముల సంగతేంటి?

రాత్రిషిఫ్ట్ | శనివారం, రాత్రి 11:50

నేను రోజంతా వేరేవాళ్ల కంప్యూటర్లు చూసే పనిలోనే ఉంటాను. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ఒక్కొక్కటిగా అక్కర్లేదు. విండోస్ 10 నెలవారీ అప్‌డేట్లు క్యుములేటివ్, అంటే చివరిదానిలో పాతవన్నీ కలిసి ఉంటాయి. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ దగ్గర విండోస్ 10 చివరి వెర్షన్ అయిన 22హెచ్2 అని ఉందో లేదో చూడండి. లేకపోతే ముందు దానికి రావాలి. సీ డ్రైవ్‌లో 20 జీబీకి పైగా ఖాళీ ఉంచుకోండి. జాగా చాలక మధ్యలో ఆగిపోయే అప్‌డేట్లే నేను చూసే ఫిర్యాదుల్లో ఎక్కువ.

మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిన మాట నిజం. అయితే ఇళ్లల్లో వాడేవాళ్లకు అదనపు భద్రతా అప్‌డేట్ల పథకం ఉంది, 2026 అక్టోబర్ 13 వరకు. 22హెచ్2 ఉండి, అప్‌డేట్లు తాజాగా ఉంటే విండోస్ అప్‌డేట్ పేజీలోనే అందులో చేరమని లింకు కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవ్వాలి. సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితంగా చేరే దారి కూడా ఉంది. ఇది మెషీన్ మార్చాలా, ఇంకేదైనా చేయాలా అని ఆలోచించుకోవడానికి దొరికిన గడువు, అంతే. శాశ్వతం అనుకోవద్దు.

"డిఫెండర్ అప్‌డేట్ అవుతూనే ఉంది కదా" అని కొందరంటారు. నిజమే, విండోస్ 10లో దాని వైరస్ గుర్తులు 2028 అక్టోబర్ వరకు వస్తాయని మైక్రోసాఫ్ట్ చెప్పింది. కానీ అది కాపలావాడికి దొంగల ఫోటోలు ఇవ్వడం లాంటిది. గోడకు పడ్డ కన్నం అలాగే ఉంటుంది.

ఇక ఆ 60 ప్రోగ్రాములు. నాకైతే విండోస్ కంటే వీటి గురించే ఎక్కువ దిగులు. విండోస్ తనంతట తాను అప్‌డేట్ అవుతుంది, బ్రౌజర్ అవుతుంది. వీటిలో చాలావాటిని మీరు వెళ్లి కొత్తది తెచ్చుకుంటే తప్ప కదలవు. ఫైళ్లను కుదించి కట్టగట్టే విన్‌రార్ దీనికి మంచి ఉదాహరణ. 2019 ఫిబ్రవరిలో దానిలో ఒక లోపం బయటపడింది, అది అప్పటికి 19 ఏళ్లుగా లోపలే ఉంది. 2023లో ఇంకొకటి. దానిలో జిప్ ఫైలు తెరిచి లోపల ఉన్న మామూలు ఫోటో మీద నొక్కితే, వెనకాల వేరే ప్రోగ్రాము నడిచేది. ఆ ఏడాది ఆగస్టులో 6.23 వెర్షన్‌లో సరిచేశారు, కానీ నెలల ముందు నుంచే దాడుల్లో వాడుతున్నారు. 2025 జులైలో మళ్లీ ఒకటి, దానికి 7.13 కావాలి. విన్‌రార్ తనంతట తాను అప్‌డేట్ అవ్వదు. పదేళ్ల కిందట పెట్టుకున్నవాళ్ల దగ్గర పదేళ్ల నాటిదే ఉంటుంది, రోజూ బాగానే పనిచేస్తూ ఉంటుంది. పనిచేస్తుంది కాబట్టి ఎవరూ దాన్ని పట్టించుకోరు. అదే పని చేసే 7-జిప్ కూడా అంతే, తనంతట తాను మారదు.

కాబట్టి ముందు తీసేయండి, తర్వాత మిగిలినవాటినే అప్‌డేట్ చేయండి. ఆరు నెలలుగా తెరవనిది ఏదైనా అనుమానించండి. ఫ్లాష్ ప్లేయర్ కనిపిస్తే ఆలోచించకుండా తీసేయండి, దాని కథ 2020 డిసెంబర్ 31తోనే ముగిసింది. జావా ఉంటే దాన్ని ఏ ప్రోగ్రాము వాడుతోందో చూడండి, ఏదీ వాడకపోతే అదీ వద్దు. డ్రైవర్లు వెతికిపెడతామని, కంప్యూటర్‌ని వేగంగా చేస్తామని చెప్పే ప్రోగ్రాములు ఉంటే అవి కూడా తీసేయమనే నా సలహా. మిగిలినవాటికి వింగెట్ అని ఒక పనిముట్టు విండోస్‌లోనే ఉంది. ఆదేశాలు టైపు చేసే పవర్‌షెల్ తెరిచి, ఇంగ్లీషు అక్షరాల్లో వింగెట్ అప్‌గ్రేడ్ అని కొడితే దేనికి కొత్త వెర్షన్ ఉందో జాబితా వస్తుంది. అక్కడి నుంచే పెట్టుకోవచ్చు. ఒక్కో సైటుకీ వెళ్లి వెతుక్కునే పని తప్పుతుంది, నకిలీ సైట్లో పడే ప్రమాదమూ తగ్గుతుంది.

బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లను, అంటే బ్రౌజర్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములను, కూడా ఇందులోనే లెక్కేయండి. ది గ్రేట్ సస్పెండర్ అని ట్యాబులను నిద్రపుచ్చే ఎక్స్‌టెన్షన్ ఒకటుండేది. లక్షల మంది ఇష్టంగా వాడేవారు. 2020లో అది చేతులు మారింది. 2021 ఫిబ్రవరిలో, అందులో హానికరమైన కోడ్ ఉందని గూగుల్ తీసేసింది. వాడేవాళ్లు చేసిన తప్పేమీ లేదు. అప్‌డేట్ రూపంలోనే వాళ్ల దగ్గరికి వచ్చింది. అందుకే వాడని ఎక్స్‌టెన్షన్ ఒక్కటి కూడా ఉంచొద్దంటాను.

చిగురాకు | ఆదివారం, ఉదయం 7:30

అయ్యో, ఇది చదువుతుంటే నాకు భయం వేస్తోంది. నిన్న ఏదో సైటులో "మీ బ్రౌజర్ పాతది, అప్‌డేట్ చేయండి" అని తెరంతా వచ్చింది. ఈ చర్చ చూసిన ఊపులో వెంటనే నొక్కేశాను. ఏదో ఫైలు దిగింది, తెరిచాను. ఏమీ జరగలేదు. ఇప్పుడు నేనేం చేయాలి?

రాత్రిషిఫ్ట్ | ఆదివారం, ఉదయం 7:45

చిగురాకు గారూ, ఏమీ జరగనట్టు కనిపించడమే దాని లక్షణం. ముందు ఆ కంప్యూటర్‌కి నెట్ తీసేయండి. తర్వాత ఫోన్ నుంచి మీ మెయిల్ పాస్‌వర్డ్ మార్చండి, దాని తర్వాత బ్యాంకుది. పాస్‌వర్డ్ మార్చడంతో పాటు "అన్ని పరికరాల నుంచి లాగౌట్" అనేదీ తప్పకుండా నొక్కండి. ఇలాంటివి బ్రౌజర్‌లో అప్పటికే తెరిచి ఉన్న లాగిన్‌నే దొంగిలిస్తాయి, అప్పుడు పాస్‌వర్డ్ మార్చినా సరిపోదు. రెండంచెల ధ్రువీకరణ లేకపోతే పెట్టండి. ఆ తర్వాత కంప్యూటర్‌లో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ చేయండి. ఫైళ్లు కాపీ చేసుకుని విండోస్ కొత్తగా వేసుకుంటే ఇంకా నిశ్చింత. నేనైతే అదే చేస్తాను.

మిమ్మల్ని మీరు నిందించుకోకండి. అప్‌డేట్ ముఖ్యమని తెలిసినవాళ్లకే వాళ్లు ఈ వల వేస్తారు.

పాతకాపు | ఆదివారం, ఉదయం 8:20

దీనికి గుర్తుపెట్టుకోవాల్సిన గీత ఒకటే. వెబ్ పేజీ ఎప్పుడూ మీ బ్రౌజర్‌ని అప్‌డేట్ చేయదు. అప్‌డేట్ బ్రౌజర్ మెనూలో ఉంటుంది, విండోస్ సెట్టింగ్స్‌లో ఉంటుంది, ఆ ప్రోగ్రాము లోపల ఉంటుంది. బ్యాంకు సైటు మీది పాతదని చెప్పినా సరే, అక్కడ నొక్కకుండా మెనూకే వెళ్లి చూడండి.

ఈ మధ్య ఇంకో రకం బాగా పెరిగింది. "మీరు మనిషేనని రుజువు చేయండి" అని పేజీ వస్తుంది. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, కంట్రోల్, వి కొట్టి, ఎంటర్ నొక్కమంటుంది. అప్పటికే ఆ పేజీ మీ క్లిప్‌బోర్డులో ఒక ఆదేశం పెట్టేసి ఉంటుంది. ఎంటర్ నొక్కితే దాన్ని నడిపించింది మీరే అవుతారు. ఏ నిజమైన సైటూ ఆ పని చేయమనదు. అలాగే, తెరంతా ఎర్రగా మారి ఫోన్ నంబర్ చూపించి కాల్ చేయమంటే అది మోసమే. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఉండదని ఆ సంస్థే చెబుతోంది.

రోజువారీ వాడకానికి అడ్మిన్ కాని ఖాతా పెట్టుకోమని ఎవరూ చెప్పలేదు, అది కూడా చేయండి. తమ్ముడికి, అమ్మగారికి చెరొక మామూలు ఖాతా. ఏదైనా ప్రోగ్రాము పెట్టాలంటే మీ పాస్‌వర్డ్ అడుగుతుంది, కనీసం ఒకసారి ఆగి చూసే వీలుంటుంది.

చిగురాకు | ఆదివారం, మధ్యాహ్నం 1:10

స్కాన్‌లో రెండు దొరికాయి. పాస్‌వర్డ్‌లన్నీ మార్చేశాను. విండోస్ కొత్తగా వేస్తున్నాను. ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు.

నిదానం | ఆదివారం, మధ్యాహ్నం 2:00

అందరూ కంప్యూటర్ గురించే మాట్లాడుతున్నారు. మూల గదిలో లైట్లు వెలుగుతూ ఉండే డబ్బా సంగతి ఎవరూ ఎత్తలేదు. రౌటర్ కూడా చిన్న కంప్యూటరే, దానికీ సాఫ్ట్‌వేర్ ఉంటుంది, దానికీ కన్నాలుంటాయి. 2018 మేలో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్వేర్ (హాని చేసే సాఫ్ట్‌వేర్) 54 దేశాల్లో కనీసం ఐదు లక్షల పరికరాల్లోకి చేరిందని తేలింది, వాటిలో ఎక్కువ ఇళ్లల్లో, చిన్న ఆఫీసుల్లో ఉండే రౌటర్లే. అమెరికా ఎఫ్‌బీఐ అందరినీ రౌటర్లు ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయమని కోరింది. అంతకు ముందు 2016లో మిరాయ్ అనే మాల్వేర్ ఇంకా తేలికైన పని చేసింది. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డ్‌లు ఓ అరవై దాకా పట్టుకుని, కెమెరాల్లో, రౌటర్లలో అవే కొట్టి చూసుకుంటూ పోయింది. మార్చనివాళ్లవన్నీ దొరికిపోయాయి.

రౌటర్ పేజీలోకి లాగిన్ అయి అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి. ఇది వైఫై పాస్‌వర్డ్ కాదు, వేరేది. ఫర్మ్‌వేర్, అంటే రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్, అప్‌డేట్ ఉందేమో చూడండి, తనంతట తాను అప్‌డేట్ అయ్యే వీలుంటే ఆన్ చేయండి. బయటి నుంచి నిర్వహించే సౌకర్యం ఆన్‌లో ఉంటే ఆపేయండి. దీన్ని మాత్రం నేను వారం ఆగి చేయమని చెప్పను.

మలిసంధ్య | ఆదివారం, సాయంత్రం 5:30

చిన్న ప్రశ్న. నేను రిటైరైన మనిషిని. మెయిల్, వార్తలు, వీడియోలు, అప్పుడప్పుడు ఉత్తరం టైపు చేసుకోవడం, ఇంతే నా పని. నాదీ విండోస్ 11 రాని మెషీనే. విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుంటే ఈ బాధ తప్పుతుందా?

వేకువచుక్క | ఆదివారం, సాయంత్రం 6:15

మలిసంధ్య గారూ, మీ వాడకానికి లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ హాయిగా సరిపోతుంది. మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు వస్తాయి. పెన్‌డ్రైవ్ నుంచి నడిపించి చూసే వీలుంది కాబట్టి, విండోస్‌ని ముట్టుకోకుండానే మీ ప్రింటర్, వైఫై, తెలుగు టైపింగ్ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవచ్చు. బాధ తప్పుతుందని మాత్రం చెప్పలేను. అక్కడా అప్‌డేట్లు పెట్టుకోవాల్సిందే. ఒక సుఖం ఏమిటంటే, దాని స్టోరు నుంచి పెట్టుకున్న ప్రోగ్రాములన్నీ సిస్టమ్‌తో పాటు ఒకే చోట అప్‌డేట్ అవుతాయి. రాత్రిషిఫ్ట్ గారు విన్‌రార్ గురించి చెప్పిన దిగులు అక్కడ చాలా వరకు ఉండదు.

తూనీగ | ఆదివారం, రాత్రి 8:40

అయింది! 22హెచ్2 ముందే ఉంది. క్యుములేటివ్ అప్‌డేట్ దిగడానికి, పెట్టుకోవడానికి రెండు గంటలకు పైగా పట్టింది. మధ్యలో తెర నల్లగా ఐదు నిమిషాలు ఉండిపోతే గుండె ఆగినంత పనైంది. కానీ వచ్చేసింది. అదనపు అప్‌డేట్ల పథకంలో కూడా చేరాను. 60 ప్రోగ్రాములు 23 అయ్యాయి. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఫ్యాక్టరీదే ఉంది, మార్చాను.

అన్నిటికంటే ఆశ్చర్యం ప్రింటర్. అప్‌డేట్ తర్వాత మళ్లీ మొరాయించింది. ఈసారి కంగారు పడకుండా తయారీదారు సైటుకు వెళ్లి చూస్తే, రెండేళ్ల కిందటే కొత్త డ్రైవర్ పెట్టి ఉంచారు. పెట్టాను, పది నిమిషాల్లో పనిచేసింది. ఆ రాత్రి ఈ పది నిమిషాలు వెతికి ఉంటే ఇదంతా ఉండేది కాదు.

రీస్టార్ట్ గురించి కూడా ఒకటి తెలుసుకున్నాను, ఇక్కడ ఎవరికైనా పనికొస్తుందేమో. రోజూ షట్‌డౌన్ చేస్తున్నాం కదా అనుకునేదాన్ని. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా మూతపడదట. టాస్క్ మేనేజర్‌లో చూస్తే 41 రోజులుగా నడుస్తున్నట్టు చూపించింది! రీస్టార్ట్ చేస్తేనే నిజంగా కొత్తగా మొదలవుతుంది. యాక్టివ్ అవర్స్‌ని (విండోస్ తనంతట తాను రీస్టార్ట్ అవ్వకూడని వేళల్ని) ఉదయం 7 నుంచి రాత్రి 11 వరకు పెట్టాను. పని మధ్యలో రీస్టార్ట్ అయ్యే భయం పోయింది. శుక్రవారం సాయంత్రం పని ముగిశాక నేనే చేతులారా అప్‌డేట్ చూసి రీస్టార్ట్ చేస్తాను. ఏదైనా తేడా వచ్చినా శనివారం చేతిలో ఉంటుంది.

ఒక్కటి మిగిలిపోయింది. నా పాత అనువాదాలన్నీ యూనికోడ్ (ఇప్పుడు అన్ని చోట్లా తెలుగు కనిపించే పద్ధతి) కాని ఫాంట్లలో ఉన్నాయి. వాటిని తెరిచే టైపింగ్ ప్రోగ్రాముకి ఏళ్లుగా కొత్త వెర్షన్ లేదు. తీసేయలేను. దాన్నేం చేయను?

రాత్రిషిఫ్ట్ | ఆదివారం, రాత్రి 11:20

తీసేయక్కర్లేదు, దానికి నెట్ అందకుండా చేస్తే చాలా వరకు సరిపోతుంది. విండోస్ ఫైర్‌వాల్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో అవుట్‌బౌండ్ రూల్ ఒకటి రాసి, ఆ ప్రోగ్రాముని బయటికి వెళ్లనివ్వకుండా ఆపండి. ఇన్‌బౌండ్, అంటే బయటి నుంచి దానికి వచ్చేది, కూడా ఆపండి. బయటి నుంచి వచ్చిన ఫైళ్లు దానిలో తెరవొద్దు, మీ సొంత ఫైళ్లకే వాడండి. మీకు తీరిక ఉంటే వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే విడిగా నడిచే ఇంకో కంప్యూటర్ లాంటిది) నెట్ లేకుండా దాన్ని విడిగా పెట్టుకోవడం ఇంకా మంచిది.

అసలు పని మాత్రం ఆ ఫైళ్లని యూనికోడ్‌లోకి మార్చడం. మార్పిడి పనిముట్లు ఉన్నాయి, కానీ ఒత్తులు, పొల్లులు అక్కడక్కడ తప్పుతాయి, చదివి దిద్దుకోవాలి. వారానికి పది ఫైళ్ల చొప్పున మొదలుపెట్టండి. మూలం ఫైళ్లని తుడవకండి, బ్యాకప్ డిస్క్‌లో అలాగే ఉంచండి. మీరు వాడే ఫాంటు పేరు చెబితే దానికి ఏ మార్పిడి సరిపోతుందో రేపు చూసి రాస్తాను.